స్వరం ఎక్కడ ఆపుతున్నారు? బేస్ గిటార్‌పై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ రోజు అంశం బేస్ గిటార్, అంటే లోతైన మంద్ర స్వరాలు పలికే గిటార్. ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మాస్టారు మనతో ఉన్నారు. మొదటి ఫోను తీసుకుందాం. హలో?

శ్రోత 1: హలో, వినిపిస్తోందా అండీ?

యాంకర్: వినిపిస్తోంది. రేడియో శబ్దం తగ్గించి మాట్లాడండి.

శ్రోత 1: తగ్గించాను. నమస్కారం మాస్టారూ. నేను రెండేళ్లుగా బేస్ వాయిస్తున్నాను. అంతకు ముందు మామూలు గిటారే. మా బృందంలో బేస్ వాయించే అతను మానేస్తే, ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా అని నాకు అంటగట్టారు. స్కేళ్లన్నీ వచ్చు. వేగానికీ లోటు లేదు. కానీ మా డ్రమ్మర్ ప్రతిసారీ మొహం అదోలా పెడతాడు. పాట నడవడం లేదంటాడు. తప్పు స్వరం పడిందా అంటే లేదంటాడు. మరి లోపం ఎక్కడుంది? ఐదు తీగల బేస్ కొంటే బాగుంటుందేమో అని...

నిపుణుడు: ఐదో తీగ సంగతి తర్వాత చూద్దాం. ఒక్కటి చెప్పండి. స్వరం మీటిన తర్వాత దాన్ని ఎక్కడ ఆపుతున్నారు?

శ్రోత 1: ఆపడమా? తర్వాతి స్వరం రాగానే అదే ఆగుతుంది కదండీ.

నిపుణుడు: దొరికింది. మీ డ్రమ్మర్ బాధ ఇదే. గిటారులో తీగ మోగుతూ ఉంటే నిండుగా ఉంటుంది. బేస్‌లో అడుగు తీగ, ఇ (E) స్వరం, సుమారు 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 కంపనాలు. దాన్ని వదిలేస్తే కింద అంతా బురద అయిపోతుంది. కిక్ డ్రమ్ము, అంటే కాలితో మోగించే పెద్ద డ్రమ్ము, దాని దెబ్బ అందులో కూరుకుపోతుంది. గ్రూవ్, అంటే పాటను నడిపించే లయ, ఏ స్వరం వాయించామన్నది మాత్రమే కాదు, అది ఎంతసేపు బతికిందన్నది కూడా.

శ్రోత 1: అంటే తక్కువ వాయించమంటారా?

నిపుణుడు: తక్కువ అనలేదు. ఆపడం నేర్చుకోమంటున్నాను. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను 70లో, అంటే నిమిషానికి 70 దెబ్బల్లో పెట్టండి. ఒకే స్వరం, నాలుగు దెబ్బలు. మొదట పూర్తి నిడివి, తర్వాత సగం, తర్వాత పొట్టిగా. ఎడమచేతి వేలి ఒత్తిడి వదలండి, కానీ తీగ మీది నుంచి వేలు ఎత్తకండి. ఎత్తితే ఖాళీ తీగ మోగుతుంది. 2 వారాలు ఇంతే.

శ్రోత 1: 2 వారాలు ఒకే స్వరమా!

నిపుణుడు: విసుగు పుడుతుంది, తెలుసు. ఆ విసుగులోనే చెవి తెరుచుకుంటుంది. తర్వాత డ్రమ్ముల రికార్డింగ్ పెట్టుకుని, కిక్ పడినప్పుడు మీటండి, స్నేర్, అంటే కర్రతో కొట్టే పదునైన చిన్న డ్రమ్ము, పడిన క్షణాన ఆపండి. అక్కడ ఏర్పడిన ఖాళీలో స్నేర్ ఎంత స్పష్టంగా వినిపిస్తుందో చూడండి. ఇది కుదిరాకే మరో రెండు స్వరాలు కలపండి. మూల స్వరం నుంచి పక్కనున్న సన్న తీగ మీద రెండు ఫ్రెట్లు (మెడ మీది లోహపు గీతల గడులు) ముందుకు వెళ్తే ఐదో స్వరం. దాని తర్వాతి సన్న తీగ మీద అదే ఫ్రెట్‌లో ఆక్టేవ్, అంటే అదే మూల స్వరం పై స్థాయిలో. ఈ మూడింటితో గంటసేపు వాయించవచ్చు.

శ్రోత 1: మరి పెద్దవాళ్లు వాయిస్తుంటే మధ్యలో టక్ టక్ అని వస్తుంది...

నిపుణుడు: అవి ఘోస్ట్ నోట్లు. తీగను నొక్కకుండా రెండు వేళ్లతో తాకి పట్టుకుని మీటితే స్వరం రాదు, దెబ్బ మాత్రం వస్తుంది. ఒక్క వేలితో తాకితే కొన్ని చోట్ల హార్మోనిక్, అంటే గంటలాంటి సన్నని పై స్వరం, పలుకుతుంది, అందుకే రెండు వేళ్లు. 'తకధిమి' అనుకుంటూ వాయించండి. 'త' మీద అసలు స్వరం, 'మి' మీద ఘోస్ట్ నోటు. ఆ 'మి' మళ్లీ 'త' మీదకు తోస్తుంది. అన్ని అక్షరాలూ నింపకండి. నింపితే మళ్లీ మొదటికొస్తుంది.

శ్రోత 1: బాగా అర్థమైందండీ. అయితే ఆ ఐదు తీగల బేస్...

నిపుణుడు: బాబూ, నాలుగు తీగలను ఆపడం రాకుండా ఐదోది తెస్తే, ఆపాల్సిన తీగ ఇంకొకటి పెరుగుతుంది. అదీ సుమారు 31 హెర్ట్జ్‌ది!

యాంకర్: ధన్యవాదాలండీ. తర్వాతి శ్రోత?

శ్రోత 2: నమస్కారం. వేళ్లతో వాయించాలా, పిక్‌తోనా, అంటే మీటే చిన్న బిళ్లతోనా?

నిపుణుడు: రెండూ సరైనవే. పిక్‌తో స్వరం మొదలు పదునుగా వస్తుంది. వేళ్లయితే చూపుడు, మధ్య వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి. అది కూడా శాసనం కాదు. 1960లలో అమెరికా రికార్డు సంస్థ మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్‌సన్ కుడిచేతి చూపుడు వేలితోనే మీటేవారు. ఎన్ని వేళ్లన్నది కాదు...

శ్రోత 2: స్వరం ఎక్కడ ఆపామన్నది!

నిపుణుడు: (నవ్వు) మీరు ఇందాకటి నుంచి వింటున్నారన్నమాట.

యాంకర్: ధన్యవాదాలు. హలో, చెప్పండమ్మా.

శ్రోత 3: మాస్టారూ, నేర్చుకోవడం మొదలుపెట్టి 4 నెలలైంది. మొదటి ఫ్రెట్ల దగ్గర వాయిస్తే ఎడమ మణికట్టు నొప్పి పుడుతోంది. వేళ్లు సాగాలంటే నొప్పి తప్పదంటున్నారు. నిజమేనా?

నిపుణుడు: కాదమ్మా. నొప్పి వస్తే ఆపేయాలి. ఒక్కో వేలికి ఒక్కో ఫ్రెట్ అని చెప్పారా?

శ్రోత 3: అవునండీ.

నిపుణుడు: ఆ పద్ధతి గిటారు ఒంటి వైపు, ఫ్రెట్లు దగ్గరైన చోట బాగుంటుంది. మామూలు బేస్ తీగ నిడివి 34 అంగుళాలు. మొదటి ఫ్రెట్ల దగ్గర నాలుగు వేళ్లను అంత చాచడం చాలా చేతులకు కష్టం. అక్కడ మూడు ఫ్రెట్లే చూసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు, మూడో ఫ్రెట్‌కు ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిపి. నాలుగో ఫ్రెట్ కావాలంటే చేతినే జరపండి. మణికట్టు వంగకూడదు. ఇంకొక పరీక్ష: స్వరం పలికిస్తూ ఒత్తిడి కొద్దికొద్దిగా తగ్గించండి. తీగ జరజరమనే చోటు వస్తుంది. దానికి కాస్త పైన ఉంటే చాలు, అంతకు మించి నొక్కడం వృథా.

శ్రోత 3: అయితే నేను చాలా గట్టిగా నొక్కుతున్నాను.

నిపుణుడు: అందరూ అంతేనమ్మా. కుడిచేత్తో కూడా గట్టిగా లాగకండి, ఆంప్‌లో శబ్దం పెంచుకోండి. వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం వైద్యులకు చూపించండి. సాధన ఎక్కడికీ పోదు.

యాంకర్: ఇంకొకరు. త్వరగా అడగండి.

శ్రోత 4: నేను నేరుగా స్లాప్, అంటే బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతి, నేర్చుకోవాలనుకుంటున్నాను...

నిపుణుడు: నేర్చుకోండి, కానీ అది ఎందుకు పుట్టిందో గుర్తుంచుకోండి. దాన్ని మొదలుపెట్టిన అమెరికన్ బేస్ వాద్యకారుడు లారీ గ్రాహం తల్లితో కలిసి వాయించేటప్పుడు డ్రమ్మర్ లేడు. బొటనవేలి దెబ్బ కిక్‌కు బదులు, వేలితో లాగడం స్నేర్‌కు బదులు. అది లయ కోసం వచ్చింది, గారడీ కోసం కాదు. అక్కడ కూడా స్వరం ఎక్కడ...

యాంకర్: లైను తెగిపోయింది. సమయం కూడా అయిపోవచ్చింది. ఒక శ్రోత సందేశం పంపారు: మెట్రోనోమ్‌తో బాగానే వాయిస్తాను, అది తీసేస్తే పరుగెడతాను అంటున్నారు.

నిపుణుడు: దెబ్బలు సగానికి తగ్గించండి. పాట 80లో ఉంటే మెట్రోనోమ్ 40లో పెట్టి, ఆ శబ్దాన్ని 2, 4 దెబ్బలుగా వినండి. ఒకటో దెబ్బ మీరే మోయాలి. మొదట తికమకగా ఉంటుంది...

యాంకర్: మాస్టారూ, మొదటి శ్రోత మళ్లీ ఫోను చేశారట. ఐదు తీగల బేస్ గురించే.

నిపుణుడు: కొనుక్కోమనండి. ఆ 2 వారాల తర్వాత.