కంట్లో వేసేది ఫెవిక్విక్ కాదు, మీ రక్తమే!

నమస్తే అండీ. "కంట్లో ఫెవిక్విక్ పోసి అతికిస్తారంట!" నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, కంట్లో కండ పెరిగిన వాళ్ల ఇళ్లల్లో ఈ మాట తిరుగుతూనే ఉంది. విని భయపడి ఆపరేషన్ మానుకునే వాళ్లు కూడా ఉన్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఏళ్ల తరబడి ఎదురుగా ఉండే కళ్లకే ఈ కండ ఎక్కువగా వస్తుంది. అంటే ఉప్పు మడుల్లో, కొత్తపట్నం పడవల మీద, పొగాకు చేలల్లో పని చేసేవాళ్లకి. ఈ పుకారు కూడా సరిగ్గా వాళ్ల దగ్గరికే చేరుతోంది. నాకు కోపం అందుకే.

డాక్టర్లు దీన్ని టెరీజియం అంటారు. తీసేయడం పెద్ద పని కాదు. తీసి ఊరికే వదిలేస్తే మళ్లీ పెరగడమే అసలు సమస్య. అందుకని పై రెప్ప చాటున ఉండే చోటు నుంచి, తెల్లగుడ్డు మీది పల్చటి పొరను చిన్న ముక్కగా తీసి, ఖాళీ అయిన చోట పరుస్తారు. 1985లో అమెరికా కంటి డాక్టర్ కెన్యన్ బృందం ఈ పద్ధతి గురించి రాసినప్పటి నుంచి దీనికి బాగా పేరొచ్చింది. ఆ ముక్క కదలకుండా నిలవాలి కదా? కుట్లు వేయొచ్చు. కానీ టైమ్ పడుతుంది, తర్వాత కన్ను గరగరలాడుతుంది, నీళ్లు కారతాయి. గమ్ అవసరం ఇక్కడే వచ్చింది.

(స్క్రీన్ మీద: పాల గిన్నె, పక్కన తోడు గిన్నె)

మన రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ కరిగి ఉంటుంది. దాన్ని పాలు అనుకోండి. థ్రాంబిన్ అనే ఎంజైము తోడు. రెండూ కలిస్తే పల్చటి ద్రవం కాస్తా ఫైబ్రిన్ దారాల వలగా గడ్డకడుతుంది. వేలు తెగితే రక్తం ఆగేది ఇలాగే. కంట్లో ముక్కను పట్టి ఉంచే గమ్ ఈ వలే, ఫైబ్రిన్ గమ్ అంటారు. పెరుగుకి రాత్రంతా కావాలి, దీనికి సెకన్లు చాలు. కాబట్టి ముందే కలిపి పెట్టుకోవడం కుదరదు. రెండింటినీ విడివిడి సిరంజిల్లో ఉంచి, కంటి దగ్గరే కలుపుతారు.

పాలు చిక్కగా ఉంటేనే పెరుగు గడ్డగా వస్తుంది. ఇక్కడా అంతే, అతుకు ఎంత గట్టిగా ఉంటుందనేది ఫైబ్రినోజెన్ చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. ఎంత త్వరగా పట్టుకుంటుందనేది థ్రాంబిన్ మోతాదును బట్టి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే: డాక్టరుకి నిదానంగా సర్దుకునే వ్యవధి కావాలంటే తోడు తగ్గిస్తే సరి.

మరి ఈ పాలు ఎవరివి? బజార్లో దొరికే గమ్ కిట్‌ను చాలామంది దాతల ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, కలిపి తయారుచేస్తారు. వైరస్‌లను చంపే ప్రక్రియలు చేశాకే అమ్ముతారు, ఎంతోమందికి వాడుతున్నారు. చెడ్డదని నేను అనను. కానీ ఖరీదెక్కువ. పైగా బయటివాళ్ల ప్లాస్మా కాబట్టి ఇన్‌ఫెక్షన్ భయం చాలా తక్కువే అయినా పూర్తిగా సున్నా కాదు. సొంత రక్తంతో ఆ భయం ఉండదు.

సొంత రక్తం వాడటంలో రెండు దారులు. మొదటిది, ముందే రక్తం తీసి ప్లాస్మా వేరు చేసి, ఫ్రీజర్‌లో ఐసులా గడ్డకట్టించి, చల్లగానే నిదానంగా కరిగిస్తారు. ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉన్న భాగం అడుగున చేరుతుంది. పాలు మరగబెట్టి చిక్కబరిచినట్టే. దీనికి ల్యాబ్ కావాలి, ముందస్తు ఏర్పాటు కావాలి.

రెండోది మరీ సులువు. కండ తీసిన చోట ఊరే కొద్దిపాటి రక్తాన్నే పల్చటి పూతగా ఉంచి, దాని మీద ముక్క పరిచి, కొన్ని నిమిషాలు కదలకుండా ఉంచుతారు. అదనపు ఖర్చు దాదాపు ఉండదు. అయితే ఇవి చిక్కబరచని పాలు. కిట్‌తో పోలిస్తే ముక్క జారే అవకాశం కాస్త ఎక్కువ. "సొంతది కాబట్టి అన్నిటికన్నా గట్టిది" అనుకోవడం కూడా పొరపాటే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫెవిక్విక్ జాతి రసాయనం, అంటే సైనోయాక్రిలేట్, వైద్యానికి తయారుచేసిన రకం కంట్లో వాడే మాట నిజమే. అది నల్లగుడ్డుకి చిన్న రంధ్రం పడినప్పుడు. పుకారు బహుశా అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. ఫైబ్రిన్ గమ్ కండ ఆపరేషన్‌కే కాదు, మన పక్కనున్న చెన్నైలో డాక్టర్ అమర్ అగర్వాల్ 2007లో కంటి లోపలి లెన్స్‌ను నిలపడానికి కూడా వాడారు. ఈ గమ్ లోపల ఉండిపోదు, కొద్ది వారాల్లో శరీరమే కరిగించేస్తుంది.

యాస్పిరిన్ గానీ, రక్తం పల్చబడే వేరే మాత్రలు గానీ వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి. ఆపరేషన్ తర్వాత కన్ను అస్సలు నలపొద్దు. తోడుకుంటున్న పెరుగుని కదిపితే విరిగిపోయినట్టు ముక్క జారిపోతుంది. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా, ముక్క కదిలినట్టు అనిపించినా చెకప్ తేదీ వచ్చేదాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి.