200 బొమ్మల కార్డ్ చార్టు: కొనొచ్చా?

నమస్తే అండీ. నల్లగొండ నుంచి మళ్ళీ కీబోర్డు ముచ్చటతో వచ్చాను. ఇదిగో, ఈ కార్డ్ చార్టు. కార్డ్ (chord) అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి వాయించడం. ఏ మీటలు నొక్కాలో చార్టులో బొమ్మలుంటాయి. క్లాక్ టవర్ దగ్గర 150 రూపాయలకు తీసుకున్నా. నెల రోజులుగా స్టాండుకు క్లిప్పు పెట్టి వాడుతున్నా. లామినేషన్ గట్టిగా ఉంది. పెళ్లి స్టేజీ మీద లైట్లు తక్కువున్నా మీటలు కనిపిస్తాయి. అంతవరకు బాగుంది.

నాకు కోపం వచ్చింది ఇక్కడ. సీ 9 కార్డుకూ, సీ యాడ్ 9 కార్డుకూ ఒకే బొమ్మ వేశారు. రెండూ ఒకటి కావు. వాయిస్తాను, వినండి. సీ, ‘ఈ’, జీ, పైన డీ. ఇది యాడ్ 9. ఇప్పుడు బీ ఫ్లాట్, అంటే బీకి ఎడమ పక్క నల్ల మీట, కూడా కలుపుతున్నా... విన్నారా? మొదటిది హాయిగా కూర్చుంది, రెండోది ఎటో వెళ్దామంటోంది. ఉత్త 9 అని రాస్తే లోపల 7, అంటే ఆ బీ ఫ్లాట్, ఉన్నట్టే లెక్క.

అసలు ఇదంతా లెక్కే. సీ మేజర్ స్కేలులో ఒకటి విడిచి ఒకటి పట్టుకుంటూ పోండి. 1, 3, 5, 7. ఏడోది మాత్రం అరమెట్టు, అంటే ఒక్క మీట, తగ్గించాలి. ఆగకుండా పై స్థాయికి వెళ్తే 9, 11, 13. అంటే పైన ఉండే రెండోది, నాలుగోది, ఆరోది. అన్నీ వాయించక్కర్లేదు, ఐదోది వదిలేసినా కార్డు చెడదు. 11 దగ్గరే జాగ్రత్త. పైన ఎఫ్, కింద ‘ఈ’ కొట్టుకుంటాయి. అందుకే చాలామంది ‘ఈ’ తీసేస్తారు, లేదా ఎఫ్‌ని షార్ప్ చేస్తారు, అంటే అరమెట్టు పైకి జరుపుతారు.

ఇక ఆల్టర్డ్. సీ 7 మీద 5నో 9నో అరమెట్టు పైకో కిందికో జరపడమే. డీ ఫ్లాట్ పెడితే ఫ్లాట్ 9, డీ షార్ప్ పెడితే షార్ప్ 9. చార్టులో ఆ షార్ప్ 9 మీటకు ‘ఈ ఫ్లాట్’ అని వేశారు. మీట అదే, పేరు తప్పు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది వెంటనే ఎక్కుతుంది. సీని షడ్జం అనుకోండి. ఆ షార్ప్ 9 మీట సాధారణ గాంధారం. కానీ అంతర గాంధారం అప్పటికే ఉంటే, ఇదే మీటను షట్‌శ్రుతి రిషభం అంటాం. చలనాట రాగంలో ఉన్నది అదే. కార్డులోనూ గాంధారం చోటు ‘ఈ’ తీసుకుంది, కాబట్టి ఇది రిషభమే. అంటే 9 అన్నమాట. నాకైతే ఇది అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు సీ 7 ఫ్లాట్ 9 నుంచి ఎఫ్ కార్డుకి వెళ్తున్నా, నా వేళ్లు చూడండి. డీ ఫ్లాట్ సీలోకి దిగింది, బీ ఫ్లాట్ ‘ఏ’లోకి దిగింది, ‘ఈ’ ఎఫ్‌లోకి ఎక్కింది. మూడూ అరమెట్టే. ఆ టెన్షన్ అంత మెత్తగా తీరేది ఇందుకే.

కొనాలా? మీటలు వెతుక్కోవడానికి కొనండి, పర్వాలేదు. నేనైతే మార్కర్‌తో సీ 9 బొమ్మ మీద బీ ఫ్లాట్‌కు చుక్క పెట్టాను. ‘ఈ ఫ్లాట్’ కొట్టేసి, పక్కన డీ షార్ప్ రాసుకున్నా. ఇదిగో, ఇక్కడ.