ముట్టుకుంటే మన మీద కేసు వేస్తారా? ట్రైల్ మీద ఆ సాయంత్రం

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇవాళ్టి వీడియో కొంచెం సీరియస్‌గా ఉంటుంది. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి మామయ్యగారే "చెప్పమ్మా, పదిమందికీ తెలుస్తుంది" అన్నారు. అందుకే కెమెరా పట్టుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చాను. నడుస్తూ మాట్లాడతాను, మధ్యలో కాస్త ఆయాసం వినిపిస్తే ఏమీ అనుకోకండి.

మేము ఉండేది కాలిఫోర్నియాలో. మామయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చారు. రోజూ సాయంత్రం ఇద్దరం ఈ ట్రైల్ మీద, అంటే ఈ నడక దారి మీద, నడుస్తాం. ఆ రోజు మా ముందు ఒక పెద్దాయన వెళ్తున్నారు, అరవై దాటి ఉంటాయి. ఇదిగో, ఈ బెంచీ దగ్గరకు వచ్చి దాని వెనక చెక్క మీద చేయి ఆనించారు. కూర్చుంటారేమో అనుకున్నాను. కూర్చోలేదు. అలాగే పక్కకు ఒరిగి పడిపోయారు.

నా కాళ్ళు కదల్లేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నా బుర్రలోకి వచ్చింది "అయ్యో పాపం" కాదు, "ముట్టుకుంటే స్యూ చేస్తారేమో" అని. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరో ఒకరు మనకు చెప్తారు కదా, ఈ దేశంలో ప్రతిదానికీ కోర్టుకెళ్తారు, జాగ్రత్తగా ఉండాలి అని. ఆ మాట ఎక్కడో లోపల పాతుకుపోయి ఉంది. మామయ్యగారు నా చేయి పట్టుకుని "అమ్మా, నేను వీసా మీద వచ్చినవాణ్ణి, ఎక్కడైనా ఇరుక్కుంటామేమో చూసుకో" అన్నారు. ఆయన మనసు రాయేమీ కాదు. ఆ మాట వెనక ఒక పాత సంగతి ఉంది, తర్వాత చెప్తాను.

ఇంతలో వెనక నుంచి జాగింగ్ చేస్తూ ఒకమ్మాయి వచ్చింది. వచ్చీ రావడంతోనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన భుజాలు తట్టి గట్టిగా పిలిచింది, ఛాతీ వంక చూసింది. ఆయన అప్పుడప్పుడు గురక పెట్టినట్టు ఒక్కో శ్వాస లాగుతున్నారు. నేనైతే "ఊపిరి ఆడుతోంది కదా" అనుకున్నాను. అది ఊపిరి కాదట అండీ. గుండె ఆగిపోయిన మనిషి కొంతసేపు అలా ఎగశ్వాస తీస్తాడట. అది చూసి బాగానే ఉన్నాడనుకుని ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారని తర్వాత తెలిసింది. స్పృహ లేదు, మామూలుగా ఊపిరి లేదు అంటే ఇక ఆలోచించకుండా సీపీఆర్, అంటే ఛాతీ మీద నొక్కుతూ చేసే సాయం, మొదలుపెట్టాల్సిందే.

ఆ అమ్మాయి వేలు నా వైపే చూపించి, "మీరు 911కి ఫోన్ చేయండి, స్పీకర్ ఆన్ చేసి నా పక్కన పెట్టండి" అంది. "ఎవరైనా ఫోన్ చేయండి" అనలేదు, "మీరు" అంది. ఆ మాటతో నా కాళ్ళు కదిలాయి. మామయ్యగారిని గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకి దారి చూపించమంది. ఆయన అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

911 అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు. ఫోన్ ఎత్తిన ఆపరేటర్ ఆవిడ ఎక్కడున్నారు అని అడిగింది, ఊపిరి ఉందా అని అడిగింది, లెక్క చెప్తూ ఉంది. మా పేరు మీద ఏ వీసా ఉంది అని ఎవరూ అడగలేదు. మన అమ్మానాన్నలు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అవసరం పడితే భాష పేరు చెప్పినా చాలు, అనువాదకులను లైన్‌లోకి తీసుకొచ్చే ఏర్పాటు ఉంటుంది. "తెలుగు" అన్న ఒక్క మాట నేర్పించి పెట్టండి.

రెండు నిమిషాలు దాటేసరికి ఆ అమ్మాయి చేతులు వణికాయి. "మీరు రండి" అంది. నాకు రాదు అన్నాను. "నేను చెప్తాను, రండి" అంది. అరచేతి మడమ ఛాతీ మధ్యలో, దాని మీద రెండో చేయి, మోచేతులు వంచకూడదు, రెండు అంగుళాలు లోపలికి దిగేలా నొక్కాలి, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నాలుగో నొక్కుకో ఐదో నొక్కుకో నా చేతి కింద ఏదో "టక్"మంది. చొక్కా గుడ్డ మీద నుంచి కూడా తెలిసింది. చేయి తీసేయబోయాను. "ఆపొద్దు, ఆపొద్దు" అని ఆ అమ్మాయి అరిచింది. నొక్కుతూనే ఉన్నాను.

ఏడెనిమిది నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. వాళ్ళు పని అందుకున్నారు, మేము పక్కకు జరిగాం. ఆయన తర్వాత ఏమయ్యారో మాకు తెలియదు. ఆసుపత్రి వాళ్ళు బయటివాళ్ళకు చెప్పరు, అది రోగి హక్కు.

అసలు టెన్షన్ ఆ రాత్రి మొదలైంది. ఆ "టక్" శబ్దం చెవిలో అలాగే ఉండిపోయింది. ఎముక విరగ్గొట్టాను, వాళ్ళ ఇంటివాళ్ళు లాయర్ నోటీసు పంపిస్తే? మా ఆయన ఉద్యోగం, వీసా, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. వారం రోజులు మెయిల్‌బాక్సు తెరవాలంటే చేయి వణికింది. ఎనిమిదో రోజున ఇలా కాదని కూర్చుని, చట్టంలో అసలు ఏముందో చదివాను. నేను లాయర్‌ని కాదు, కానీ ఆ వాక్యం చదవడానికి లాయరే కానక్కర్లేదు.

ఆపదలో సాయం చేసినవాళ్ళను కాపాడే ఈ చట్టాన్ని గుడ్ సమారిటన్ చట్టం అంటారు. అమెరికాలో మొదట తెచ్చింది కాలిఫోర్నియానే, 1959లో. అప్పట్లో అది డాక్టర్ల కోసం. దారిలో ఆగి సాయం చేస్తే తర్వాత తమ మీద దావా వేస్తారని డాక్టర్లే భయపడేవాళ్ళన్నమాట. మనం భయపడటంలో వింతేముంది! తర్వాత అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో తెచ్చుకున్నాయి. మాటలు మాత్రం రాష్ట్రానికో రకంగా ఉంటాయి, మీరుండే రాష్ట్రంలో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

ఇక్కడి హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లో 1799.102 అనే సెక్షన్ ఉంది. సారాంశం ఇది: మంచి ఉద్దేశంతో, డబ్బు తీసుకోకుండా, ఆపద జరిగిన చోట అత్యవసర సాయం చేసిన ఏ వ్యక్తినీ నష్టపరిహారానికి బాధ్యుణ్ణి చేయకూడదు. సాయం వైద్యపరమైనదైనా సరే, వైద్యం కానిదైనా సరే. మామూలు మనుషుల విషయంలో ఘోరమైన నిర్లక్ష్యం, కావాలని చేసిన తప్పు ఉంటే తప్ప.

అందులో నేను మళ్ళీ మళ్ళీ చదివిన మాట "ఏ వ్యక్తినీ" అన్నది. పౌరుడు అనలేదు. గ్రీన్ కార్డు ఉన్నవాడు అనలేదు. శిక్షణ పొందినవాడు అని కూడా అనలేదు. హాల్లో కూర్చున్న మామయ్యగారికి తెలుగులో చెప్పాను. "ఏ వ్యక్తినీ అంటే నేను కూడానా?" అన్నారు. మీరు కూడా మామయ్యా, గేటు దగ్గర చేయి ఊపుతూ నిలబడ్డారు చూడండి, అదీ సాయమే.

ఈ "వైద్యం కాని సాయం" అన్న మాట ఊరికే రాలేదు. 2004లో ఇక్కడ ఒక కారు దీపస్తంభాన్ని గుద్దుకుంది. వెనక కారులో వస్తున్న తోటి ఉద్యోగిని పరుగున వెళ్ళి స్నేహితురాలిని బయటికి లాగింది. పొగ కనిపించిందని, కారు పేలిపోతుందేమోనని భయపడ్డానని చెప్పింది. గాయపడినామెకు కాళ్ళు చచ్చుబడ్డాయి. అలా లాగడం వల్లే నా వెన్ను దెబ్బతిందని ఆమె కోర్టుకెళ్ళింది. 2008 డిసెంబరులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పిచ్చింది: చట్టం వైద్య సాయానికే రక్షణ ఇస్తుంది, కారులోంచి లాగడం వైద్యం కాదు, కాబట్టి దావా నడవొచ్చు అని. ఇది చదివినప్పుడు నా గుండె గుభేలుమంది. అంటే నా భయం పూర్తిగా ఉత్తిది కాదు, ఒకప్పుడు నిజంగా అలా జరిగింది. కానీ శాసనసభ ఆ తీర్పును చూస్తూ ఊరుకోలేదు. ఏడాది తిరక్కుండా, 2009లోనే చట్టాన్ని మార్చి "వైద్యం కాని సాయం" అని చేర్చింది. ఆ పాత కేసు గురించి సగమే విన్నవాళ్ళు ఇప్పటికీ "అదిగో చూశారా, స్యూ చేస్తారు" అంటుంటారు. మిగతా సగం కూడా చెప్పండి వాళ్ళకి.

మరి విరిగిన పక్కటెముక? సీపీఆర్‌లో పక్కటెముకలు విరగడం మామూలేనట, సరిగ్గా చేసినా విరుగుతాయి. అది ఘోరమైన నిర్లక్ష్యం కిందకు రాదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది. సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మేము ఎదురుచూసింది ఏడెనిమిది నిమిషాలు, మీరే లెక్క వేసుకోండి.

హద్దులు కూడా చెప్పాలి. మనిషి స్పృహలో ఉంటే "సాయం చేయనా?" అని అడగాలి. వద్దంటే ముట్టుకోకూడదు, 911కి మాత్రం ఫోన్ చేయొచ్చు. స్పృహ లేకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో వదిలేసి వెళ్ళిపోకూడదు. తెలియని మందులు నోట్లో వేయడం, యూట్యూబ్‌లో చూసిన ప్రయోగాలు చేయడం లాంటివి వద్దు. అన్నట్టు, ఇక్కడ సాయం చేయకపోతే సాధారణంగా శిక్ష లేదు, చేసినవాళ్ళకు రక్షణ ఉంది. వెర్మాంట్, మిన్నెసోటా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ప్రమాదంలో ఉన్నవాళ్ళకు చేతనైన సాయం చేయాలనే ఉంది. జర్మనీలో ఉండే మనవాళ్ళయితే ఇంకా జాగ్రత్త, అక్కడ చేయగలిగి ఉండీ సాయం చేయకపోవడమే నేరం, ఏడాది వరకూ జైలు పడొచ్చు.

ఇప్పుడు మామయ్యగారి సంగతి. చాలా ఏళ్ళ క్రితం, ఆయన ఉద్యోగంలో ఉండగా, రోడ్డు మీద ఒక కుర్రాడు బండి మీంచి పడి రక్తం కారుతూ కనిపించాడట. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ "మీరేమవుతారు? పోలీసులు వచ్చేదాకా కదలొద్దు" అన్నారు. ఆ తర్వాత సాక్షి అని స్టేషన్‌కి, కోర్టుకి తిప్పారు. ప్రతిసారీ సెలవు పెట్టాల్సి వచ్చేది. "కుర్రాడు బతికాడమ్మా, కానీ ఆ తర్వాత నేను రోడ్డు మీద ఆగడం మానేశాను" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన తలెత్తి నా వైపు చూడలేదు.

నేను ఆయనకు ఇండియా చట్టం కూడా చదివి వినిపించాను. ప్రాణాపాయంలో ఉన్నవాడికి ముందు వైద్యం, తర్వాతే పోలీసు తతంగం అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సాయం చేసినవాళ్ళను వేధించకూడదంటూ కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016లో చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అనే సెక్షన్ వచ్చింది. రోడ్డు ప్రమాద బాధితుడికి మంచి మనసుతో సాయం చేసినవాళ్ళ మీద సివిల్ కేసూ లేదు, క్రిమినల్ కేసూ లేదు. 2020 నాటి నిబంధనల ప్రకారం పేరు, అడ్రస్ చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. మీ ఇష్టంతో సాక్షిగా ఉంటానంటే మీకు వీలైన చోట, వీలైన సమయంలోనే అడగాలి. ఈ హక్కులన్నీ ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో బోర్డు పెట్టాలి.

ఒక లోటు మాత్రం నాకు బాధగా ఉంది. 134ఎ రోడ్డు ప్రమాదాలకే. ప్లాట్‌ఫారం మీద గుండె ఆగి పడిపోయినవాడిని పట్టుకున్నవాళ్ళకు ఆ సెక్షన్ వర్తించదు. ఆ మనిషికి సాయం చేసినవాళ్ళకు మాత్రం భయం ఉండదా? ఆ రక్షణ కూడా రావాలి.

పోయిన శనివారం ఇద్దరం సీపీఆర్ క్లాసుకి వెళ్ళాం. మామయ్యగారు మోకాళ్ళ కింద తువ్వాలు మడిచి పెట్టుకుని బొమ్మ మీద నొక్కారు. ఒక విషయం గమనించాను, మీకు పనికొస్తుంది. తెలుగులో పది దాకా లెక్క చకచకా వస్తుంది. "పదకొండు, పన్నెండు, పదమూడు" అనేసరికి మాట పొడుగై చేయి నెమ్మదిస్తుంది. అందుకని మామయ్యగారు ఒకటి నుంచి పది వరకే, మూడుసార్లు లెక్కపెట్టారు. ముప్ఫై సరిగ్గా వచ్చింది, వేగం తగ్గలేదు.

ఇదిగో, ట్రైల్ చివరికి వచ్చేశాం. ఈ గోడ మీద తెల్ల పెట్టె కనిపిస్తోందా? గుండె బొమ్మ, మధ్యలో మెరుపు గుర్తు. ఇది ఏఈడీ, అంటే ఆగిన గుండెకి షాక్ ఇచ్చే మెషీన్. మూత తీస్తే ఏం చేయాలో అదే పైకి చెప్తుంది, గుండెకి షాక్ అవసరం లేకపోతే మనం బటన్ నొక్కినా ఇవ్వదు. దీన్ని వాడినవాళ్ళకూ ఇక్కడి చట్టంలో వేరుగా రక్షణ ఉంది. మూడేళ్ళుగా దీని పక్క నుంచే నడుస్తున్నాను, ఆ రోజు ఇది ఇక్కడ ఉందని నాకు గుర్తే రాలేదు.

వచ్చే నెల మామయ్యగారి తిరుగు ప్రయాణం. నిన్న రాత్రి నా దగ్గర కూర్చుని 134ఎ సారాంశం తెలుగులో చెప్పించుకుని స్వయంగా రాసుకున్నారు. రెండు కాపీలు, ఒకటి పర్సులోకి, ఇంకోటి బండి డిక్కీలోకి. ఆగండి, కెమెరా దగ్గరగా పెడతాను. చూశారా, పైన అంబులెన్సు నంబరు 108, కింద "పేరు చెప్పమని బలవంతం చేయకూడదు" అన్న లైను. దాని కింద రెండు గీతలు ఆయనే గీసుకున్నారు.