మూడో ఏడు ఎటు పోయింది?

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామందే ఉన్నారు. అందరి పేర్లూ చదువుతూ కూర్చుంటే నాకిచ్చిన అరగంటలో సగం దానికే పోతుంది. ఒక్క పేరు మర్చిపోయినా భోజనాల దగ్గర దొరికిపోతాను. కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం.

అమెరికాలో మగపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్ ఎలా మారింది, తలపండిన కోచ్‌లు దాని గురించి ఏమంటున్నారు, ఇదీ నాకిచ్చిన అంశం. ఇక్కడున్న తల్లిదండ్రుల్లో చాలామంది శనివారం పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని టోర్నమెంట్ల చుట్టూ తిరిగేవాళ్ళే. అందుకని నాలుగు పనికొచ్చే ముక్కలు కూడా చెప్తాను. వాటికి చివర్లో వస్తాను, మర్చిపోతే ఎవరైనా గుర్తుచేయండి.

ముందు జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ పేర్ల జాబితా. కాలేజీ మారదలుచుకున్న కుర్రాడు తన కాలేజీలో నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్తే, రెండు పనిదినాల్లో వాళ్ళు అతని పేరు అందులో ఎక్కించాలి. అప్పటికి, మారినవాడు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న పాత నియమం ఇంకా ఉంది. 2021 ఏప్రిల్‌లో అది ఒకసారికి సడలింది. 2024 ఏప్రిల్‌లో, చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదన్నారు. ఈలోగా 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీం కోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. పది రోజులు తిరక్కుండానే, జులై 1న, ఆటగాడు తన పేరూ ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చన్నారు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నాం. 2025 జూన్ 6న, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందానికి జడ్జి ఆమోదముద్ర పడింది. జులై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బిస్తున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలకీ కలిపి. పెద్ద కాలేజీల్లో ఎక్కువగా వినిపించే పంపకంలో 75 శాతం ఫుట్‌బాల్‌కి, 15 శాతం మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి వెళ్తుంది. అంటే 30 లక్షల డాలర్ల పైచిలుకు. జట్టులో పదిహేను మంది. వాళ్ళలో ముగ్గురో నలుగురో దాన్లో ఎక్కువ భాగం పట్టుకెళ్తారు.

ఇక కోచ్‌ల సంగతి. విలనోవా కాలేజీకి రెండు జాతీయ టైటిళ్ళు తెచ్చిన జే రైట్ 2022లో, అరవై ఏళ్ళకే చాలించాడు. వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ 2024 అక్టోబరు 18న, సీజన్ ఇంకొన్ని వారాల్లో మొదలవుతుందనగా వెళ్ళిపోయాడు. అతని వయసు 55. మయామీ కోచ్ జిమ్ లరన్యాగా అదే ఏడాది డిసెంబరులో సీజన్ మధ్యలోనే దిగిపోయాడు. 2023లో ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగింటిలోకి, తీసుకెళ్ళిన జట్టుతో, ఆ తర్వాత మొదటిసారి కూర్చున్నప్పుడే ఎనిమిది మంది పోర్టల్‌కి వెళ్తామన్నారట. ఇక్కడ నచ్చలేదా అని అడిగితే, నచ్చకపోవడమేమిటి, చాలా బాగుంది, కానీ బయట డబ్బు ఎక్కువిస్తున్నారు అన్నారట. డెబ్బై అయిదేళ్ళ మనిషి దానికేం జవాబు చెప్తాడు?

డబ్బు వచ్చింది కాబట్టి ఆట పాడైంది అనే కోచ్‌ల మాట మాత్రం నేను ఒప్పుకోను. ఏడాదికి లక్షల్లో జీతాలు తీసుకుంటూ, ఒప్పందం మధ్యలో వేరే కాలేజీకి ఎగిరిపోయింది వాళ్ళే కదా. 2022లో సెయింట్ పీటర్స్ అనే జెర్సీ సిటీ చిన్న కాలేజీ, పదిహేనో సీడుగా (టోర్నమెంటులో ఒకటో సీడు అంటే బలమైన జట్టు, పదహారో సీడు అంటే బలహీనమైనది) వచ్చి కెంటకీని, పర్డ్యూని ఓడించి చివరి ఎనిమిదిలో నిలిచింది. సీజన్ అయిన కొద్దిరోజులకే కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్‌కి వెళ్ళాడు. ఆటగాళ్ళు తలో దిక్కూ చెదిరిపోయారు. పేపర్లు తిట్టింది ఎవర్నంటే కుర్రాళ్ళని! కోచ్ కదిలితే ఎదుగుదల, ఆటగాడు కదిలితే ద్రోహమా? మీరే చెప్పండి. టోనీ బెనెట్‌ని ఇక్కడ మెచ్చుకోవాలి. వెళ్ళిపోయే రోజున కూడా ఆటగాళ్ళకి ఆదాయంలో వాటా ఉండాల్సిందేనని ఒప్పుకున్నాడు. ఈ పద్ధతిలో పనిచేయడం నావల్ల కాదు అన్నాడు, అంతే.

ఎందుకు కాదో తెలియాలంటే అతను నేర్పే డిఫెన్స్ చూడాలి. కాస్త ఓపిక పట్టండి, ఇది చెప్పకుండా నేను ముందుకెళ్ళలేను.

దాన్ని ప్యాక్‌లైన్ అంటారు. టోనీ తండ్రి డిక్ బెనెట్ తయారుచేసిన పద్ధతి. బుట్టకి సుమారు పదహారు అడుగుల దూరంలో ఒక గీత ఉన్నట్టు ఊహించుకోండి. బంతి ఉన్నవాడి మీద ఒక్కడే బయటికెళ్ళి ఒత్తిడి పెడతాడు. మిగతా నలుగురూ తమ మనిషి ఎక్కడున్నా ఆ గీత లోపలే ఉండాలి. బంతినీ, తమ మనిషినీ ఒకే చూపులో చూస్తూ నిలబడాలి. పాస్ వేసిన క్షణంలో, బంతి ఇంకా గాల్లో ఉండగానే, అయిదుగురూ కదలాలి. బంతి చేతికందాక కదిలితే ఆలస్యమే. గీత లోపల్నుంచి షూటర్ మీదికి పరిగెత్తేవాడు మొదటి నాలుగడుగులూ పెద్దగా వేయాలి, దగ్గరికొచ్చాక చిన్న చిన్న అడుగులతో వేగం తగ్గించాలి, చెయ్యి పైకెత్తాలి. వేగం తగ్గించకపోతే పక్కనుంచి దూసుకుపోతారు. తొందరపడి ముందే తగ్గిస్తే త్రీ పాయింటర్, అంటే మూడు పాయింట్ల దూరపు షాట్, పడుతుంది. దీనికి తోడు, ఎదుటి జట్టువాడు మనవాడి దారికి అడ్డుగా నిలబడి స్క్రీన్ పెట్టినప్పుడు, మన పొడుగువాడు బయటికి దూకి బంతి పట్టుకున్నవాణ్ణి అడ్డగించి మళ్ళీ వెనక్కి పరిగెత్తాలి. ఎదుటి పొడుగువాడికి బుట్ట దగ్గర బంతి అందితే మన రెండో పొడుగువాడు వెళ్ళి కలిసి మూయాలి. అతను వదిలేసిన మనిషిని ఇంకొకడు, ఆ ఇంకొకడి మనిషిని మరొకడు చూసుకోవాలి. అయిదుగురిలో ఒక్కడు అరడుగు ఆలస్యమైతే మొత్తం కూలుతుంది.

ఇది ఆరు నెలల్లో రాదు. మొదటి ఏడు కుర్రాడికి ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. రెండో ఏడు ఎప్పుడు కదలాలో తెలుస్తుంది. మూడో ఏడుకి పక్కవాడు ఎప్పుడు తప్పుతాడో ముందే పసిగట్టి, అరిచి సర్దగలుగుతాడు. అందుకే బెనెట్ కొంతమందిని మొదటి ఏడాది ఆడించకుండా రెడ్‌షర్ట్ చేసేవాడు. ప్రాక్టీసుకి రావాలి, మ్యాచ్ ఆడకూడదు, ఏడాది మిగులుతుంది. డియాండ్రే హంటర్ 2016-17 మొత్తం అలాగే గడిపాడు. మమాడీ డియాకిటే అంతకుముందు ఏడాది.

2018 మార్చిలో ఏమైందో తెలుసు కదా. వర్జీనియా దేశంలోనే నంబర్ వన్. హంటర్ మణికట్టు విరిగి ఆడలేదు. పదహారో సీడు యూఎంబీసీ అనే కాలేజీతో ఆట, హాఫ్ టైమ్‌కి 21-21. రెండో సగంలో యూఎంబీసీ 53 కొట్టింది. వర్జీనియా మీద చాలా జట్లకి మొత్తం ఆటలో కూడా అన్ని పాయింట్లు వచ్చేవి కావు. 74-54. మగపిల్లల టోర్నమెంటులో ఒకటో సీడు పదహారో సీడు చేతిలో ఓడడం అదే మొదటిసారి. దేశమంతా నవ్వింది.

ఆ జట్టు నుంచి కైల్ గై, టై జెరోమ్, హంటర్ ముగ్గురూ తిరిగొచ్చారు. మరుసటి ఏడాది పర్డ్యూతో ఆట. రెండు పాయింట్ల వెనక, ఆరు సెకన్లు కూడా లేవు. జెరోమ్ ఫ్రీ త్రో తప్పింది. డియాకిటే ఎగిరి తట్టిన బంతి సగం కోర్టు దాటి వెనక్కి వెళ్ళిపోయింది. కిహై క్లార్క్ పరిగెత్తి పట్టుకున్నాడు. పక్కన చేతులెత్తి అడుగుతున్న జెరోమ్‌కి ఇవ్వలేదు, తనూ విసరలేదు, బుట్ట దగ్గరున్న డియాకిటేకి అంత దూరం నుంచి పాస్ వేశాడు. గంట మోగుతుండగా బంతి పడింది. 70-70. ఓవర్‌టైమ్‌లో గెలిచారు. ఆ తర్వాత ఆబర్న్ మీద ఒక్క పాయింటుతో, ఫైనల్లో టెక్సస్ టెక్ మీద 85-77తో గెలిచి ఛాంపియన్లయ్యారు. ఫైనల్లో హంటర్ 27 పాయింట్లు కొట్టాడు.

ఇప్పుడైతే? యూఎంబీసీ చేతిలో ఓడిన మర్నాడే ఆ ముగ్గురి చేతిలో ఆరు ఆఫర్లుండేవి. రెడ్‌షర్ట్ ఏడాది అంటే హంటర్‌ని అంతకుముందే ఎవరో తన్నుకుపోయేవారు. పూర్తి నిజం చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తాను. ఆ ఛాంపియన్ జట్టులో బ్రాక్స్‌టన్ కీ అలబామా నుంచి వచ్చినవాడే, ఏడాది కూర్చోకుండా ప్రత్యేక అనుమతితో ఆడాడు. మారడం తప్పనడం లేదు నేను.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. 2024 ఏప్రిల్‌లో కోచ్ కాలిపారి కెంటకీ వదిలి ఆర్కన్సాస్‌కి వెళ్తే అక్కడ జట్టే లేదు. కెంటకీకి వచ్చిన మార్క్ పోప్‌కీ పాత స్కాలర్‌షిప్ ఆటగాళ్ళెవరూ మిగల్లేదు. ఇద్దరూ పోర్టల్‌తో నింపుకున్నారు, ఇద్దరూ మరుసటి మార్చిలో చివరి పదహారులో ఉన్నారు. 2025 ఛాంపియన్ ఫ్లోరిడాలో వాల్టర్ క్లేటన్ ఐయోనా నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చారు. కాబట్టి గెలవలేరని అనను. ఎలా గెలుస్తారో చూడండి. అయిదుగురు కొత్తవాళ్ళకి జూన్ నుంచి నవంబరు దాకా నేర్పగలిగేది స్క్రీన్ పడగానే మనుషుల్ని మార్చుకోవడం, పొడుగువాణ్ణి బుట్ట దగ్గరే ఉంచడం. చాలా జట్లు ఒకేలా ఆడుతున్నాయంటే కారణం అదే.

ఆ ఫ్లోరిడా ముగ్గురూ ఎక్కణ్ణుంచి వచ్చారో గమనించారా? చిన్న కాలేజీల నుంచి. నారు పోసి నీరు పెట్టేది ఒకరు, కుప్ప నూర్చుకునేది ఇంకొకరు. ఆ 2025లో చివరి పదహారు జట్లూ నాలుగే నాలుగు పెద్ద కాన్ఫరెన్సులవి, అంటే కాలేజీ జట్ల కూటములవి. అందులో ఏడు ఒక్క ఎస్ఈసీ కూటమివే. సెయింట్ పీటర్స్ లాంటిది ఒక్కటీ లేదు.

కోచ్‌ల ఫిర్యాదుల్లో నేను పూర్తిగా వాళ్ళ పక్షాన నిలబడేది క్యాలెండరు విషయంలో. 2025లో పోర్టల్ మార్చి 24న తెరుచుకుంది. టోర్నమెంటులో ఇంకా పదహారు జట్లు ఆడుతున్నాయి! ఇవాళ రాత్రి ఆటకి వీడియో చూపించాలి, రేపటి జట్టుకి ఫోన్లు చేయాలి. ఫైనల్ అయ్యాకే తలుపు తెరవాలన్న వాదనే సరైనది, 2026లో నియమాన్ని అలాగే మార్చారు కూడా. ఆ ఫోన్ల పని కోసం ఇప్పుడు జనరల్ మేనేజర్లని పెట్టుకుంటున్నారు. డ్యూక్ 2022లోనే పెట్టుకుంది.

మూడో ఏడు పూర్తిగా చచ్చిపోలేదు కూడా. పర్డ్యూలో కోచ్ మ్యాట్ పెయింటర్‌ని చూడండి. బ్రేడన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ నాలుగో ఏడూ అక్కడే ఆడారు. ట్రే కాఫ్‌మన్-రెన్ రెడ్‌షర్ట్ ఏడాదితో కలిపి అయిదు. వీళ్ళకి బయట డబ్బు రాక కాదు. పెయింటర్ మొదట్నుంచీ తన పద్ధతికి సరిపోయే హైస్కూలు పిల్లల్నే ఏరుకుంటాడు, వాళ్ళని ఎప్పుడు ఆడిస్తాడో ముందే చెప్తాడు.

సరే, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. అమ్మా, అయ్యా, మీతో చెప్తానన్న ముక్కలు.

మొదటిది క్రెడిట్లు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో మూడో ఏడు ఆడాలంటే డిగ్రీలో 40 శాతం పూర్తవ్వాలి, నాలుగో ఏడుకి 60, అయిదో ఏడుకి 80. 120 క్రెడిట్ల డిగ్రీ అనుకోండి, రెండేళ్ళకి 48 కావాలి. మీవాడి దగ్గర 60 ఉన్నాయి, బేఫికర్ అనుకుంటారు. కొత్త కాలేజీ, కొత్త మేజర్‌కి అందులో 45 మాత్రమే పనికొస్తాయంటే? ఆ సీజన్ బెంచీ మీదే. సంతకానికి ముందు ఏ కోర్సు లెక్కకొస్తుందో రిజిస్ట్రార్ నుంచి కాగితం మీద రాయించుకోండి. అసిస్టెంట్ కోచ్ నోటిమాట చెల్లదు. పోర్టల్‌లో పేరెక్కాక, ఆ టర్మ్ ముగిశాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. ఎక్కడికెళ్ళేదీ ఖాయం కాకుండా పేరిచ్చి, రెంటికీ చెడేవాళ్ళు ప్రతి వసంతంలోనూ ఉంటారు.

రెండోది వీసా. ఇది మనవాళ్ళకే ఎక్కువ తగులుతుంది. తల్లిదండ్రుల వీసాతో వచ్చే హెచ్-4 మీదున్న పిల్లాడికి, చదువు వీసా ఎఫ్-1 మీదున్న పిల్లాడికి పని చేసే హక్కు మామూలుగా లేదు. పక్కవాడు పిజ్జా షాపు ప్రకటనలో నవ్వి రెండు వేలు తీసుకున్నాడని మీవాడూ నవ్వితే, అది రేపు గ్రీన్ కార్డు ఫైల్లో ప్రశ్నై కూర్చుంటుంది. ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ, అప్పట్లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు, కెనడా వాడు కావడంతో ఈ గడ్డ మీద మిగతావాళ్ళలా సంపాదించుకోలేకపోయాడు. కెంటకీ ఆటగాడు ఆస్కార్ షీబ్వే జట్టు బహామాస్ వెళ్ళినప్పుడు అక్కడ ఆ పనులు చేసుకున్నాడు. ముందు ఇమిగ్రేషన్ లాయరు, తర్వాతే సంతకం.

మూడోది పన్ను. ఈ ఎన్‌ఐఎల్ డబ్బు జీతం కాదు, 1099 ఫారం మీద వస్తుంది. ఎవరూ ముందే పట్టుకోరు. పది వేల డాలర్లు వస్తే, మామూలు ఆదాయ పన్ను కాక, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కిందే దగ్గరదగ్గర 1,400 పోతుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల్లో పదిహేనో తారీఖుకి అంచనా పన్ను కట్టాలి. వేరే ఖాతా తెరిచి, వచ్చిన ప్రతిసారీ మూడో వంతు అందులో పడేయమనండి. ఆరు వందల డాలర్లు దాటిన బయటి ఒప్పందం ఏదైనా ఎన్‌ఐఎల్ గో అనే క్లియరింగ్ హౌస్‌కి చూపించాలి, దాచకూడదు.

డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, ఐవీ లీగ్‌లోనూ ఉండదు. ఐవీ కాలేజీలు ఆ హౌస్ ఒప్పందంలో చేరనూ లేదు. మీవాడు అయిదడుగుల పదకొండంగుళాలుండి, చదువులో గట్టివాడై, నాలుగేళ్ళు ఒకే కోచ్ దగ్గర ఆడాలనుకుంటే ముందు ఆ తలుపులు తట్టండి. క్రెడిట్ల గురించి విడిగా అడగాలనుకున్నవాళ్ళు ట్రాన్‌స్క్రిప్టు వెంట తెచ్చుకుని ఉంటే, భోజనాలయ్యాక ఎడమవైపు బల్ల దగ్గరికి రండి, కలిసి లెక్కపెడదాం.