ఇంజన్లు నీళ్లు తాగిన చోటు

శ్రోతలకు నమస్కారం.

పాత రైల్వే జంక్షన్లలో యార్డు పక్కన, రాతి దిమ్మెల మీదనో ఇనుప స్తంభాల మీదనో నిలబెట్టిన తుప్పుపట్టిన ఇనుప తొట్టి కనిపిస్తే, కాలనీ ఇళ్లకు నీళ్లిచ్చే పాత టాంకీ కాబోలనుకుని దాటిపోతాం. నిజానికి అటువంటి టాంకీలను మొదట కట్టింది ఆవిరి ఇంజన్ల కోసం. కాజీపేట వంటి రైల్వే ఊరి చరిత్ర చెప్పుకొనేటప్పుడు రైళ్ల పేర్లు, పట్టాలు పడిన సంవత్సరాలు గుర్తుచేసుకుంటాం గానీ ఆ రైళ్లను నడిపించిన నీటి సంగతి ఎత్తుకోము. ఈ పూట నేను మాట్లాడదలచింది దాని గురించే.

నిజాం రాజ్యంలో 1874లో ఇప్పటి కర్ణాటకలోని వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన రైలు మార్గం 1886లో వరంగల్ చేరి, 1889లో బెజవాడను కలిసింది. 1929లో బల్లార్షా వైపు మార్గం పూర్తి కావడంతో కాజీపేట ఉత్తర, దక్షిణ దేశాల మధ్య పెద్ద కూడలి అయింది. మూడు దిక్కుల నుంచి వచ్చే ఇంజన్లకు బొగ్గు, నీళ్లు రెండూ సిద్ధంగా ఉండాలి. బొగ్గుకు సింగరేణి గనులు దూరం కాదు. నీళ్ల లెక్క మాత్రం అంత తేలిక కాదు. ఎందుకంటే ఇంజను ఒక కిలో బొగ్గు కాలిస్తే సుమారు ఆరేడు కిలోల నీరు ఆవిరైపోయేది. పెద్ద ఇంజను వెనకుండే బొగ్గు, నీళ్ల బండి అయిన టెండరులో 20,000 లీటర్లకు పైగా నీరు పట్టేది.

టాంకు అంత ఎత్తున ఎందుకు ఉండాలో ఇక్కడే తెలుస్తుంది. ఎక్స్‌ప్రెస్ రైలు స్టేషన్‌లో ఆగేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో అన్ని వేల లీటర్లను ఏ బావి పంపూ నేరుగా అందించలేదు. కాబట్టి పంపు రాత్రింబవళ్లు మెల్లగా తోడిన నీటిని పైన నిలవచేసి, అవసరమైనప్పుడు ఒక్కసారిగా కిందికి వదిలేవారు. నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడితో నీరు భూమిలోని లావుపాటి గొట్టాల గుండా ప్లాట్‌ఫారం చివర నిలిచిన వాటర్ కాలమ్‌కు, అంటే ఇంజన్లకు నీళ్లు పట్టే నిలువు గొట్టానికి, చేరేది. ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ టెండరు పైకెక్కి, కాలమ్ చేతిని తనవైపు తిప్పుకుని, దాని గొట్టాన్ని టెండరు నోట్లోకి దించేవాడు. నీటిని వదిలే వాల్వు చక్రం తిప్పగానే ధార దూకేది.

నీరు ఎంత అన్నదానితో పాటు ఎలాంటిది అన్నదీ ముఖ్యమే. సున్నం ఎక్కువున్న నీటితో అన్నం వండే గిన్నెకే తెల్లని పొర కడుతుంది. ఇక బాయిలరు గొట్టాలకు గట్టి పెచ్చు పట్టేది. పెచ్చు పెరిగితే వేడి నీటికి సరిగా అందదు, బొగ్గు ఎక్కువ ఖర్చవుతుంది, గొట్టం మాడిపోయే ప్రమాదమూ ఉంటుంది. అందుకే ఇంజన్లను నిలిపి బాగుచేసే లోకో షెడ్డులో బాయిలర్లను తరచూ కడిగేవారు, కొన్నిచోట్ల సున్నం, సోడా కలిపి నీటి కాఠిన్యాన్ని తగ్గించేవారు. చెరువుల సీమ అయిన మన ప్రాంతంలో వాననీటి చెరువు విలువ రైతుకు తెలిసినంతగా లోకో షెడ్డు మనిషికీ తెలుసు.

పశ్చిమ బెంగాల్‌లోని చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారం 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆపేసింది. 1980ల దశకంలో కాజీపేట మీదుగా వెళ్లే ఢిల్లీ - మద్రాసు మార్గానికి విద్యుత్ తీగలు వచ్చాయి. 1995 నాటికి దేశంలోని బ్రాడ్ గేజ్ మార్గాలపై ఆవిరి ఇంజన్ల రోజువారీ పరుగు ముగిసింది. ఆ తర్వాత వాటర్ కాలమ్‌లతో ఎవరికీ పని లేకపోయింది.

మిగిలిన టాంకుల కొలతలు, ఫొటోలు తుక్కు వేలానికి ముందే తీసి ఉంచాలని నా గట్టి అభిప్రాయం. పలకలను రివెట్లతో కలిపారా, బోల్టులతో బిగించారా అన్నది చూస్తే ఏ కాలపు పనితనమో అంచనా కట్టవచ్చు. చాలా టాంకులకు పక్కన అడుగుల అంకెలు రాసిన పొడవాటి పలక ఉండేది. లోపల తేలే బెండుకు కట్టిన తీగ కప్పీ మీదుగా బయటికి వచ్చి, ఆ పలక మీద ఒక గుర్తును కదిలించేది. బెండు పైకి తేలితే గుర్తు కిందికి దిగేది గనుక అంకెలను తలకిందుల వరుసలో రాసేవారు. టాంకు నిండితే గుర్తు పలక అడుగున, ఖాళీ అయితే పై అంచున ఉండేది. రైలు వచ్చే ముందు పంపు మనిషి దూరం నుంచే తలెత్తి ఆ గుర్తు వైపు చూసేవాడు.