కాన్సస్ ‘వద్దు’ అన్న రోజు: అమెరికాలో అబార్షన్ హక్కుపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు ‘రో వర్సెస్ వేడ్’ తీర్పును కొట్టివేసింది. 1973 నుంచి అబార్షన్ హక్కుకు ఉన్న రాజ్యాంగ రక్షణ పోయి, నిర్ణయం రాష్ట్రాల చేతికి వెళ్లింది. అప్పటినుంచి అక్కడి జనం మనసు ఎటు మళ్లింది? స్టూడియోలో రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు, అమెరికాలో స్థిరపడ్డ న్యాయవాది ఉన్నారు. ముందు మీరు చెప్పండి మేడమ్.

అధ్యాపకురాలు: కాన్సస్ నుంచి మొదలుపెడతానండి. తీర్పు వచ్చి ఆరు వారాలు కూడా కాలేదు. 2020లో ట్రంప్‌ను గెలిపించిన రాష్ట్రం అది. తమ రాజ్యాంగంలో అబార్షన్ హక్కు లేదని సవరణ చేద్దామా అని ఓటర్లను అడిగారు. ప్రశ్నలోనే మెలిక ఉంది. హక్కు ఉండాలనుకునేవారు ‘వద్దు’ అనాలి, పోవాలనుకునేవారు ‘సరే’ అనాలి. అయినా 59 శాతం మంది వద్దన్నారు. రిపబ్లికన్ ఇళ్ల నుంచి ఓట్లు కదలకుండా ఆ లెక్క రాదు.

న్యాయవాది: ఒక్క కాన్సస్‌ను చూపిస్తే ఎలా? 2024లో దక్షిణ డకోటా హక్కును తిరస్కరించింది. కడుపులో ఉన్నదీ ప్రాణమేనని నమ్మేవాళ్లు కోట్లమంది ఉన్నారు. నేనూ నమ్ముతాను. మమ్మల్ని వెనకబడినవాళ్లుగా చూడకండి.

అధ్యాపకురాలు: చూడటం లేదండి. మీ నమ్మకం మీద నాకు గౌరవం ఉంది. కానీ అదే 2024 ఎన్నికల రోజు మిస్సోరీని చూడండి. ట్రంప్‌నూ గెలిపించింది, అబార్షన్ హక్కునూ రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చింది. ఫ్లోరిడాలో 57 శాతం మంది హక్కుకు ఓటేశారు. 60 శాతం కావాలన్న నిబంధన వల్ల వీగిపోయింది. జనాభిప్రాయ సర్వేలు చేసే గాలప్ సంస్థ, అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలా అని 1975 నుంచి అడుగుతోంది. ఎక్కువమంది చెప్పే జవాబు ‘కొన్ని పరిస్థితుల్లో చట్టబద్ధంగా ఉండాలి’ అనే. రో తీర్పు ఉన్నన్నాళ్లూ ఆ ‘కొన్ని’ ఏమిటో విడమరచి చెప్పాల్సిన పని సామాన్యుడికి పడలేదు.

సమన్వయకర్త: ఇప్పుడు పడిందంటారా?

అధ్యాపకురాలు: ఇంట్లోకే వచ్చి పడింది. టెక్సాస్‌లో ఆమండా జురావ్‌స్కీ బిడ్డ కోసం చికిత్స చేయించుకుని గర్భం దాల్చారు. 18వ వారంలోనే ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని అందరికీ తెలుసు. కానీ ఆ చిన్న గుండె ఇంకా కొట్టుకుంటోంది. తల్లి ప్రాణం మీదికి వస్తే తప్ప ముట్టుకోలేమన్నారు డాక్టర్లు. అంటే తనకు జబ్బు చేయడం కోసం ఆమె ఎదురుచూడాలి! చివరికి సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి, వచ్చాకే వైద్యం అందింది. డాక్టర్లను తిట్టి ఏం లాభం? అక్కడి అబార్షన్ నిషేధ చట్టం దాటితే యావజ్జీవ శిక్ష దాకా ఉంది. 2023లో ఆమె సెనేట్ కమిటీ ముందు కూర్చుని ఇదంతా చెప్పారు. సర్వేల అంకెలు ఎన్ని విన్నా కదలనివాళ్లు ఇలాంటి మాటకు కదులుతారు.

న్యాయవాది: ఆమె కథ విన్నప్పుడు నాకూ కడుపు తరుక్కుపోయింది. మినహాయింపును అంత మసకగా రాయడం మావైపు వాళ్ల తప్పే. 2025లో టెక్సాస్ శాసనసభ దాన్ని సరిదిద్దింది.

అధ్యాపకురాలు: సరిదిద్దింది, మూడేళ్లకు. ఈలోగా ఎంతమంది ఆడవాళ్లు ఆ అయోమయంలో పడి ఉంటారో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

సమన్వయకర్త: గుంటూరు నుంచి ఒకరు ఫోనులో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోనులో మహిళ: మా కోడలు టెక్సాస్‌లోని డాలస్‌లో ఉందండి. ఇప్పుడు అయిదో నెల. మేము భయపడాలా?

అధ్యాపకురాలు: భయపడకండమ్మా, చాలా కాన్పులు సాఫీగానే జరుగుతాయి. కానీ ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టర్‌ను ఒక్క మాట అడగమనండి. నెలలు నిండకుండా ఉమ్మనీరు పోతే మీ ఆస్పత్రిలో ఏం చేస్తారు అని. మీ అబ్బాయిని కూడా పక్కనే ఉండి వినమనండి.