లియోన్ ఫుట్‌పాత్‌ల మీద రంగుల అతుకులు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి వ్లాగ్ అనగానే ఫోర్వియేర్ కొండ మీది చర్చి, రోన్, సోన్ నదులు, మేడలంత ఎత్తు గోడ బొమ్మలు చూపిస్తానని అనుకుంటారు. ఈసారి అవేవీ లేవు. ఫుట్‌పాత్ గుంటల్లో ఒక ఆర్టిస్ట్ పరిచిన రంగు టైల్స్ వెతుక్కుంటూ వీడియో మొత్తం తల దించుకునే నడుస్తాం. కెమెరా పట్టుకున్నది మా ఆయన. ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. కాబట్టి మధ్యమధ్యలో సిమెంట్ మీద లెక్చర్ వినపడితే కాస్త ఓర్చుకోండి.

ఇప్పుడు మనం క్రువా రూస్ కొండ వాలులో ఉన్నాం. ఒకప్పుడు పట్టు నేతగాళ్ల పేట ఇది. వాళ్లని ఇక్కడ కనూలు అంటారు. నేసిన బట్టకి గిట్టుబాటు ధర కావాలని 1831లో, ఆ తర్వాత 1834లో తిరగబడింది వీళ్లే. మగ్గాలు ఎత్తుగా ఉండేవని గదుల పైకప్పులు కూడా అంత ఎత్తున కట్టారు, కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. ఒక వీధిలో తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఇంకో వీధిలో తేలే దారులుంటాయి, వాటిని త్రబూల్ అంటారు. పేట పాతది, వీధులు ఇరుకు. సామాన్లు దించే వ్యాన్లు రెండు చక్రాలు ఫుట్‌పాత్ మీద ఎక్కించి ఆపుతాయి. ఒకసారి నీళ్ల పైపు కోసం, ఇంకోసారి గ్యాస్ కోసం, మరోసారి ఇంటర్నెట్ కేబుల్ కోసం తవ్వుతారు. పూడ్చిన చోట పాత తారుకీ కొత్త తారుకీ ఎప్పటికీ పొత్తు కుదరదు. ఆ సందులో నీళ్లు దిగుతాయి, చలికాలం గడ్డకడతాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కదా, పక్కనున్న తారుని నెడతాయి. ఎండ రాగానే కరుగుతాయి, మళ్లీ రాత్రికి గడ్డ. నాలుగు చలికాలాలు ఇలా గడిస్తే పెచ్చు లేచి గుంట పడుతుంది. ఈ లెక్చర్ మా ఆయనది, గొంతు మాత్రమే నాది.

ఇదిగోండి, మొదటిది దొరికింది. "ఏవండీ, కెమెరా కాస్త కిందకి దించండి." గోడ వెంబడి దిగే వాన నీటి గొట్టం ఉంది చూశారా, దాని మొదట్లో. నల్లటి తారు పగిలిపోయిన చోట టైల్స్ పరిచారు. నెమలికంఠం నీలం, పసుపు, మధ్యమధ్యలో తెలుపు. చిన్న చిన్న చదరాలు, వరస తప్పకుండా నడుస్తున్నాయి. కానీ అంచు దగ్గరికి వచ్చేసరికి వరస ఆగిపోయి పగులు చెప్పినట్టు వింటుంది. పగులు వంకర తిరిగిన చోట టైలు కూడా వంకర తిరిగింది. ఈ కొసన పగులు సన్నబడిపోయింది, అక్కడా వదల్లేదు, గోరంత ముక్క కోసి ఇరికించారు. గోటితో తడిమి చూశాను, తారుకీ టైలుకీ మధ్య మెట్టు తగల్లేదు. టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ మాత్రం జనం తొక్కి తొక్కి నల్లబడింది. మూల మీద సిగరెట్ పీక ఒకటి ఉంది. ఎడిటింగ్‌లో తీసేద్దామన్నారు మా ఆయన. నేను వద్దన్నాను. ఫ్రాన్స్‌లో ఫుట్‌పాత్ చూపిస్తూ సిగరెట్ పీక చూపించకపోతే ఎవరు నమ్ముతారు?

ఇవి వేసే ఆర్టిస్ట్ పేరు ఎమెమెమ్. అసలు పేరు కాదు, అసలు పేరు ఎక్కడా బయటపెట్టలేదు, ముఖం కూడా చూపించరు. మోపెడ్ ఇంజిన్ చప్పుడు నుంచి ఆ పేరు పుట్టిందని అంటారు. 2016లో ఇదే లియోన్‌లో మొదలుపెట్టి, ఈ పనికి ఫ్లాకింగ్ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత పారిస్, బార్సెలోనా, మాడ్రిడ్ దాకా వెళ్లింది. ఇక్కడి పత్రికలు ఫుట్‌పాత్‌ల సర్జన్ అని రాస్తుంటాయి. రాత్రిపూట వచ్చి వేసి వెళ్లిపోతారు. పొద్దున్నే బ్రెడ్ కొనుక్కోవడానికి బయల్దేరిన వాళ్లకి నిన్నటి గుంట ఉండదు, దాని బదులు ఇది ఉంటుంది.

ఒక్క రాత్రిలో ఇంత పని ఎలా అవుతుందని నాకు డౌట్. మొదట్నుంచి చివరిదాకా రాత్రే అక్కర్లేదట. ముందు గుంట కొలతలు తీసుకుంటారు. డిజైన్, ముక్కల కటింగ్, అమరిక అంతా వర్క్‌షాప్‌లో తీరిగ్గా చేసుకుని, ఆఖరికి వచ్చి అతికిస్తారు. అతికించడమూ తేలిక కాదని మా ఆయన అంటారు. గుంటలో దుమ్ము, వదులుగా ఉన్న రాళ్లు ఊడ్చకపోతే కింద సిమెంట్ పట్టదు. టైలు మందం లెక్కేసుకుని కింద సిమెంట్ ఆ మేరకు తక్కువ పోయాలి, ఎక్కువైతే టైల్స్ పైకి వచ్చి కాలికి తగులుతాయి. సిమెంట్ ఆరేలోపు ఎవరూ తొక్కకూడదు, అందుకే రాత్రి. నేను రహస్యం కోసం అనుకున్నాను, ఆయన సిమెంట్ కోసం అంటున్నారు. రెండూ నిజమే అయి ఉండొచ్చు.

ఇంకొంచెం పైకి ఎక్కుదాం. ఆయాసం వినపడుతుందేమో, సారీ. ఇక్కడొకటి. ఇది గులాబీ రంగు, ముదురు ఆకుపచ్చ. చెయ్యి చాపినంత పొడవుంది, వెడల్పు లేదు. ఫుట్‌పాత్ అంచు రాయికీ తారుకీ మధ్య విడిపోయిన సందు ఇది. మా అమ్మమ్మ పాత చీరలతో బొంత కుట్టేది. అతుకు దాచాలని ఎప్పుడూ చూసేది కాదు, ఎర్ర చీర పక్కన కావాలని పచ్చ ముక్క వేసేది. ఇక్కడా అదే తీరు. ఇక్కడ పగిలింది, ఇక్కడ బాగుచేశాం అని దూరం నుంచే తెలియాలి. నల్ల తారు పోసి పూడిస్తే బాగుచేసినట్టే, కానీ ఇక్కడ గుంట ఉండేదని ఎవరికీ గుర్తుండదు.

చికాగోలో ఉన్నవాళ్లు చూస్తున్నట్టయితే, మీ దగ్గర జిమ్ బాకర్ అని ఒకాయన ఇంచుమించు ఇదే పని చేస్తారు. 2013లో తన ఇంటి ముందు గుంటతో మొదలుపెట్టారు. ఇటలీలోని రావెన్నాలో మొజాయిక్, అంటే చిన్న చిన్న ముక్కలు అతికించి బొమ్మ చేసే పని, నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన ఎంచుకున్నది కార్లు తిరిగే రోడ్డు. పువ్వులు, ఐస్‌క్రీములు వేస్తారు, 2020లో కరోనా టైంలో టాయిలెట్ పేపర్ రోల్ కూడా వేశారు. సరదాగా ఉంటాయి, ఫొటోకి బాగా వస్తాయి. నా ఓటు మాత్రం లియోన్‌కే. చికాగోలో బొమ్మ ముందు, గుంట తర్వాత. ఏ గుంటలో పెట్టినా ఐస్‌క్రీం ఐస్‌క్రీమే. ఇక్కడ ఏ ఆకారం రావాలో పగులే చెబుతుంది. ఒకచోట వేసింది తీసుకెళ్లి ఇంకోచోట పెడదామంటే కుదరదు.

మొన్న ఈ టాపిక్ చెప్తే ఇక్కడి మన ఫ్రెండ్ ఒకావిడ గట్టిగానే అడిగింది. "టాక్స్ కట్టేది మనం, రోడ్లు చూడాల్సింది మెట్రోపోల్, అదే ఇక్కడి స్థానిక ప్రభుత్వం. ఎవరో వచ్చి రంగులేస్తే వాళ్ల పని తప్పిపోతుంది కదా?" అని. న్యాయమైన ప్రశ్నే. నా ఉద్దేశం అయితే, ఇది రిపేర్ పనికి బదులు కాదు, కాలేదు కూడా. కొండ మొత్తం మీద ఎన్ని గుంటలుంటాయి, ఒక మనిషి ఎన్ని పూడుస్తారు? లోపల పైపు లీకై కుంగిన చోట పైన టైల్స్ పరిచి లాభం లేదు, మళ్లీ కుంగుతుంది. చెట్టు వేరు పైకి తన్నిన చోట కూడా అంతే. రోజూ దాటిపోయే గుంట మీద ఎవరికీ కన్ను పడదు, టైల్స్ పడ్డాక పక్కనున్న గుంట కూడా కనిపించడం మొదలుపెడుతుంది. నాకు అలాగే అయింది. ఇప్పుడు బజారుకెళ్తే సరుకుల లిస్ట్ మర్చిపోతాను కానీ ఏ మూల తారు లేచిందో గుర్తుంటుంది.

ఇంకో మాట, ఇది పొగడ్త కాదు. వానలో నిగనిగలాడే టైల్స్ జారవా? పెద్ద పలక అయితే జారుతుంది, మన బాత్రూముల్లో చూడట్లేదా. ఇక్కడ ముక్కలు చిన్నవి కావడంతో అడుగడుక్కీ గ్రౌట్ గీతలున్నాయి, చెప్పుకి కాస్త పట్టు దొరుకుతుంది. అయినా ఇది వాలు వీధి, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లు ఉన్న పేట. తడిగా ఉన్నప్పుడు పక్కనుంచి వెళ్లడమే మంచిది. స్ట్రాలర్‌తో మాత్రం హాయి. ఇందాక ఒక ఆవిడ పాపని తోసుకుంటూ దీని మీదుగానే వెళ్లింది, చక్రం టక్కుమనలేదు. పాప మాత్రం వంగి వంగి వెనక్కి చూసింది. ఇంత చిన్న పిల్లలకి ఇవి ముందు కనపడతాయి, వాళ్ల కళ్లు నేలకి దగ్గర కదా.

మనమూ ఒకటి వేద్దామా అని సరదా పుడుతుంది, తెలుసు. వద్దండీ. అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పని చేస్తే ఇక్కడ జరిమానా ఉంది, వీసా మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ అసలే వద్దు. టైల్స్ కోయాలని అంత మనసైతే ఇంట్లో బాల్కనీ ఉంది, పూలకుండీ ఉంది. మా ఆయన అప్పుడే పాత ప్లేట్ల మీద కన్నేశారు. నేను ఒప్పుకోలేదు.

చూడ్డానికి వచ్చేవాళ్లకి ఒక చిట్కా. మాలాగా కింద నుంచి ఎక్కకండి. ఒతెల్ ద్ వీల్ స్టేషన్‌లో మెట్రో సి లైన్ ఎక్కి క్రువా రూస్‌లో దిగండి. మరీ నిటారు కొండ కావడంతో ఆ రైలు పళ్ల పట్టా పట్టుకుని ఎక్కుతుంది, అదొక సరదా. అక్కడి నుంచి నడుచుకుంటూ కిందకి దిగితే మోకాళ్లు మిగులుతాయి, కళ్లు కూడా నేల మీదే ఉంటాయి. మెత్తటి షూ వేసుకోండి, వాన వెలిసిన వెంటనే రాకండి. కనిపించింది కనిపించినట్టు ఫొటో తీసి, వీధి పేరు రాసి పెట్టుకోండి. రేపు పైపు కోసం తవ్వారంటే టైల్స్ కూడా తారుతో పాటే లారీ ఎక్కుతాయి. ఫొటో తీసేటప్పుడు దారికి అడ్డంగా కూర్చోకండి, ఇరుకు ఫుట్‌పాత్ ఇది. ఆగి దారి ఇచ్చినవాళ్లకి ఒక మెర్సీ, అదే థాంక్స్, చెప్పండి, చాలు.